పాత ఏసీ: బాగు చేయించాలా, మార్చేయాలా? బల్లార్‌పూర్ నుంచి నా అనుభవం

ఏసీ చల్లగా రావడం లేదని ఎవరైనా ఫోన్ చేస్తే, అది కొని ఎన్నేళ్లయిందని నేను ముందు అడగను. ఇప్పటివరకు గ్యాస్ ఎన్నిసార్లు నింపించారని అడుగుతాను. సగం నిర్ణయం ఆ జవాబులోనే ఉంటుంది.

31 ఏళ్లు బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి, ఇక్కడే మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లో స్థిరపడ్డాను. మా వాడలో మంచిర్యాల, సిర్పూర్ వైపు నుంచి గనులకూ కాగితం మిల్లుకూ వచ్చిన తెలుగు కుటుంబాలే ఎక్కువ. మే నెలలో ఇక్కడ 45, 46 డిగ్రీలు మామూలు. మా అత్తగారికి 84 ఏళ్లు. ఆ ఎండలో ఏసీ ఆగితే ఇంట్లో ఎంత కంగారు పుడుతుందో నాకు బాగా తెలుసు. అలాంటప్పుడు మెకానిక్ "ఇక దీని పని అయిపోయింది కాకా, కొత్తది తీసుకోండి" అన్నా తలూపుతాం, "గ్యాస్ వేస్తే సరిపోతుంది" అన్నా తలూపుతాం. చాలాసార్లు ఆ రెండు మాటలూ ఏ పరీక్షా చేయకుండా అన్నవే. అందుకే ఏసీని పరీక్షించే పని ఫిబ్రవరిలో పెట్టుకోండి. అప్పుడు మెకానిక్‌కు తీరిక ఉంటుంది, మీకూ నిదానం ఉంటుంది.

ముందు బయటి యూనిట్ కడిగించండి. కడగకుండా ఎవరు ఏ తీర్పు చెప్పినా నమ్మకండి. నిరుడు ఏప్రిల్‌లో పక్కింటివాళ్లు తమ తొమ్మిదేళ్ల ఏసీ పోయిందని కొత్తదానికి అడ్వాన్సు ఇవ్వబోతుంటే, ఒక్కరోజు ఆగమని బతిమాలాను. వాళ్ల ఇల్లు బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కనే ఉంది. మూత విప్పి చూస్తే అల్యూమినియం రేకుల మధ్య బొగ్గుపొడి, వాన తడికి గట్టిపడి, అట్టలా పట్టేసి ఉంది. కరెంటు పూర్తిగా తీసేసి, లోపలివైపు నుంచి బయటికి పంపు నీళ్లు కొట్టిస్తే మొదటి ఐదు నిమిషాలూ ఇంజన్ ఆయిల్ లాంటి నల్లటి నీళ్లు కారాయి. కడగక ముందు క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ పట్టి, ఏసీ లాగే కరెంటు కొలిచేది) 9.6 ఆంపియర్లు చూపింది, కడిగాక 7.9. ఖర్చు 600 రూపాయలు. ఆ ఏసీ ఇప్పటికీ నడుస్తోంది.

కడిగాక 20 నిమిషాలు నడిపి రెండు కొలతలు తీయండి. లోపలి యూనిట్ పీల్చుకునే గాలి ఉష్ణోగ్రత ఒకటి, బయటికి వదిలే గాలి ఉష్ణోగ్రత ఒకటి. మామూలు థర్మామీటర్ చాలు. తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే యంత్రం తన పని తాను చేస్తున్నట్టే. అయినా గది చల్లబడకపోతే తప్పు పైకప్పుదో, పడమటి కిటికీదో, గది సైజుదో. తేడా తక్కువగా ఉంటే అప్పుడు ఆంపియర్లు చూడాలి. ఇన్వర్టర్ (అవసరాన్ని బట్టి మోటారు వేగం మార్చుకునే రకం) కాని పాత ఏసీల్లో ఇది చాలా స్పష్టంగా తెలుస్తుంది. చల్లదనం తక్కువ, ఆంపియర్లూ తక్కువ అయితే గ్యాస్ తగ్గింది. చల్లదనం తక్కువ, ఆంపియర్లు ఎక్కువ అయితే బయటి యూనిట్ వేడిని వదల్లేకపోతోంది. మురికి గానీ, ఫ్యాన్ గానీ కారణం. ఈ ఒక్క తేడా తెలిస్తే అనవసరంగా గ్యాస్ కొట్టించుకోరు.

బయటి యూనిట్ గుంయ్‌మని మూలిగి కొన్ని సెకన్లకే ఆగిపోతుంటే చాలామంది కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి తిప్పే మోటారు) పోయిందంటారు. ముందు కెపాసిటర్ (మోటారు తిరగడం మొదలవడానికి సాయపడే చిన్న డబ్బా) మార్చి చూడమనండి. నాకు 450 రూపాయలే అయింది. పాడైన కెపాసిటర్ పైభాగం చాలాసార్లు ఉబ్బి ఉంటుంది. స్విచ్ ఆపాక కూడా అందులో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి మీరు మాత్రం చేయి పెట్టకండి. ఇన్వర్టర్ ఏసీల్లో ఎలక్ట్రానిక్ బోర్డు పోవడం మరో సాధారణ జబ్బు. బల్లి లోపలికి దూరి షార్ట్ అయిన బోర్డులు ఎన్నో చూశాను. యంత్రానికి ఆరేళ్ల లోపే అయితే బోర్డు బాగు చేయించడమే మంచిది. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో కూడా అప్పుడే చూపించండి.

కంప్రెసర్ నిజంగా కాలిందా లేదా మెగ్గర్ అనే ఇన్సులేషన్ కొలిచే మీటర్‌తో తెలుస్తుంది. దాని టెర్మినల్‌కూ బాడీకీ మధ్య ఇన్సులేషన్ ఎంత ఉందో మీ కళ్ల ముందు కొలవమనండి. కాలిందని తేలితే వారంటీ కార్డు వెతకండి. కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి, గ్యాస్, కూలి మాత్రం సాధారణంగా మనమే పెట్టుకోవాలి. కాలిన కంప్రెసర్ నూనెలో ఆమ్లం పుడుతుంది. పైపులు కడగకుండా, డ్రయర్ (గ్యాస్‌లోని తేమను పీల్చే చిన్న ఫిల్టర్) మార్చకుండా కొత్త కంప్రెసర్ బిగిస్తే అదీ త్వరగానే పోతుంది. వారంటీ లేకపోతే నా లెక్క ఇది: ఖర్చు కొత్త ఏసీ ధరలో మూడో వంతు దాటి, యంత్రానికి ఎనిమిదేళ్లు నిండితే ఇక దాని మీద డబ్బు పెట్టను.

ఇక గ్యాస్ సంగతి. గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ఆ చోటు కనిపెట్టకుండా నింపితే డబ్బు గాలిలో కలిపినట్టే. నేనే ఆ పని చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. 2013లో కొన్న నా ఏసీకి 2021లో 3,000 పెట్టి గ్యాస్ కొట్టించాను. 2023లో మళ్లీ తగ్గింది. ఈసారి పట్టుబట్టి లీకు వెతికించాను. నైట్రోజన్ ఎక్కించి, పీడనం చూపే గేజీ ముల్లు ఎక్కడుందో రాసుకుని నాలుగు గంటలు వదిలేశాం. ముల్లు దిగింది. పైపు జాయింట్లకు సబ్బునురగ పూస్తే ఎక్కడా బుడగ లేదు. లోపలి యూనిట్ కాయిల్ విప్పి నీళ్ల తొట్టిలో ముంచితే, మూడు చోట్ల ఆవగింజంత బుడగలు ఒకదాని వెనుక ఒకటి పైకి వచ్చాయి.

జాయింట్ దగ్గరో, బయటి రాగి పైపు మీదో ఒక్కచోట కారితే వెల్డింగ్ చేయించి, వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలి, తేమ లాగించి, గ్యాస్ నింపించుకోండి, ఇంకా కొన్నేళ్లు వస్తుంది. లోపలి కాయిల్‌కే సూది రంధ్రాలు పడితే మాత్రం రాగిని తుప్పు లోలోపల తినేసినట్టే. నా ఏసీలో ఆ మూడు రంధ్రాలూ మూయించాను. 2024లో నాలుగోది పడింది. పైగా అందులో ఉన్నది ఆర్-22 గ్యాస్. ఓజోన్ పొరకు హాని చేస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని దశలవారీగా మానేస్తున్నారు. 2030 నాటికి మన దేశంలోనూ దాదాపు ఆగిపోవాలి. దొరకడం లేదని ఆర్-22 యంత్రంలో కొత్త ఏసీల్లో వాడే ఆర్-32 గ్యాస్ నింపుతామంటే ఒప్పుకోకండి. దాని పీడనం ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది, కొంత మండే గుణమూ ఉంది. ప్రాణాల మీదికి వస్తుంది.

2025 ఫిబ్రవరిలో మార్చేశాను. లైట్ బిల్లు మిగులుతుందని మాత్రం కాదు. దుకాణంలో అందరూ చెప్పేది ఆ మాటే కాబట్టి, కొలిచిన లెక్క చెబుతాను. రాత్రి 10కీ ఉదయం 6కీ మీటరు చూసి, ఏసీ లేని రాత్రి అయిన యూనిట్లు తీసేస్తే, పాతది ఎనిమిది గంటలకు 12 యూనిట్లు తీసుకునేది, కొత్తది 7. రాత్రికి 5 యూనిట్ల మిగులు. పగలు మేం కూలరే వేసుకుంటాం. జూన్‌లో ఉక్క మొదలయ్యేవరకు ఈ పొడి ఎండకు కూలర్ బాగానే పనిచేస్తుంది. అంటే ఏడాదికి 90 రాత్రులు, 450 యూనిట్లు. మా మే నెల బిల్లును యూనిట్లతో భాగిస్తే యూనిట్‌కు 12 రూపాయలు పడింది. మిగులు 5,400. బిగింపుతో కలిపి 41,000 పెట్టాను కాబట్టి అది తిరిగి రావడానికి ఏడేళ్లకు పైనే పడుతుంది. రోజుకు 20 గంటలు నడిపే ఇల్లయితే దాదాపు మూడేళ్లలో వచ్చేస్తుంది. మీ మీటరు మీరే చూసుకుని లెక్క కట్టండి.

కొనాల్సి వస్తే నక్షత్రాలు లెక్కపెట్టకండి, లేబుల్ మీద ఐఎస్ఈఈఆర్ అంకె (తీసుకున్న కరెంటుకు ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పేది, ఎక్కువుంటే మంచిది) చూడండి. 2018 కొలత ప్రకారం 4.5 ఉన్న స్ప్లిట్ ఏసీకి ఐదు నక్షత్రాలు ఉండేవి. 2022 జూలైలో కొలత బిగించాక అదే అంకెకు నాలుగే వచ్చాయి. లేబుల్ మీది వార్షిక యూనిట్లు 1,600 గంటల వాడకానికి లెక్కించినవి, మా వాడకం అందులో సగం లోపే. చల్లదనం సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలుస్తారు. మన దగ్గర 46లో అది తగ్గుతుంది కాబట్టి, గదికి సరిగ్గా సరిపోయేదాని కంటే కొంచెం పెద్దదే తీసుకోండి. బయటి యూనిట్‌ను రేకుల కప్పు మీద, పడమటి ఎండలో పెట్టనివ్వకండి. పాత పైపులకే కొత్త యంత్రం బిగిస్తామంటే వద్దనండి. నేను కొన్నప్పుడు పన్ను 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతమే.

పాతదాన్ని విప్పే ముందు, కంప్రెసర్ బతికే ఉంటే, ఉన్న గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాగించి వాల్వులు మూయించండి. పైపు కోసి గాలిలోకి వదలనివ్వకండి. నేను అలాగే చేయించాను. ఆ మెకానిక్ మిగిలిన ఆర్-22ను తన సిలిండర్‌లోకి తీసుకుని, ఆ వారమే పాత గని కాలనీలో జాయింట్ దగ్గర మాత్రమే కారిన ఒక ఏసీకి వాడాడు.