షష్కా చేయించుకోవాలా? సరైన కమ్మరిని ఎలా పట్టుకోవాలి

రష్యా, ఉక్రెయిన్ గడ్డిమైదానాల గుర్రపు యోధులైన కొసాక్కుల కత్తిని షష్కా అంటారు. కొంచెం వంపు ఉంటుంది, చేతికి అడ్డుగా గార్డు ఉండదు, పిడి చివర రెండు చెవుల్లా చీలి ఉంటుంది. అసలైతే ఇది కాకసస్ కొండల్లోని సర్కేషియన్ అనే జాతి వాళ్లది, ఆ పక్కనే టెరెక్, కుబాన్ నదుల దగ్గర ఉండే కొసాక్కులు వాళ్ల దగ్గర్నుంచే తీసుకున్నారు. ఇప్పుడు కొనేవాళ్లలో చాలామంది వెండి నగిషీ చూసి డబ్బులిచ్చేస్తున్నారు, ఇంటికొచ్చాక అది గోడకి వేలాడదీయడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ముందు ఎందుకో తేల్చుకోండి. డ్రెస్ మీదకా, చేతిలో తిప్పే ఫ్లాంకిరోవ్కాకా, కొమ్మలు నరకడానికా? మూడింటికీ బరువు, బ్యాలెన్స్ వేరు. ఈ ప్రశ్న మిమ్మల్ని అడగని కమ్మరిని అక్కడే వదిలేయండి.

తర్వాత వెతకడం. ఉరల్స్‌లో జ్లాతౌస్త్, దాగెస్తాన్‌లో కుబాచీ, కిజ్ల్యార్ పేర్లు అందరూ చెప్తారు. కుబాచీ గొప్పతనం వెండిపనిది, పాతకాలంలో అలుగులు (పిడి కాకుండా కత్తి లోహపు భాగం) పక్కనే ఉన్న అముజ్గీ ఊళ్లో కొట్టేవాళ్లు. అందుకే ముందు అలుగు కొట్టేవాణ్ని పట్టుకోవాలి, నగిషీ తర్వాత. ఊరి పేరు కంటే నరికే పోటీలకి వెళ్లేవాళ్లని అడగడం నయం, రోజూ వాడేవాళ్లకి ఎవరి కత్తి నిలబడిందో తెలుస్తుంది. ఫొటోల్లో ఒర కూడా చూడండి, షష్కాని పదునైన అంచు పైకి ఉండేలా కట్టుకుంటారు కాబట్టి వేలాడదీసే రింగులు అంచు వైపే ఉండాలి. పదును లేని వీపు వైపు ఉంటే వాడికి షష్కా తెలీదు.

ఇక అసలు కష్టం హీట్ ట్రీట్‌మెంట్ దగ్గర, ఇక్కడే అందరూ దెబ్బతింటారు. ఉక్కుని ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది కానీ పెళుసవుతుంది, మళ్లీ తక్కువ వేడి మీద కాలిస్తేనే ఆ పెళుసు తగ్గుతుంది. మామూలు చాకుకైతే ఇది తేలికే, ముప్పావు మీటరు అలుగుకి అంత పొడవునా వేడి ఒకేలా పట్టాలి. చాలామంది దగ్గర ఉన్న కొలిమి చాకులకి సరిపోయేది, అందులో కత్తిని ముక్కలు ముక్కలుగా కాలుస్తారు, మధ్యలో ఎక్కడో ఒక మెత్తటి చోటు మిగిలిపోతుంది. బయటికి ఏమీ కనపడదు, గట్టిగా ఒక దెబ్బ వేశాక అక్కడే వంగి అలాగే ఉండిపోతుంది. అందుకే కొలిమి పొడవెంత అని మొహమాటం లేకుండా అడగండి.

అలుగుని రెండు వైపులా వంచి వదిలే వీడియో పంపమనండి. వదిలాక వీపు వెంబడి ఒక కంటితో చూస్తే గీత గీసినట్టు ఉండాలి. కొమ్మలు నరికాక అంచు దగ్గరగా తీసిన ఫొటో కూడా అడగండి, అంచు మడత పడితే మెత్తన, పెచ్చు లేస్తే పెళుసు. 60 రాక్‌వెల్ హార్డ్‌నెస్ (ఉక్కు గట్టిదనం కొలత) అని గొప్పలు చెప్పేవాడు చాకుల మనిషి, పొడవాటి కత్తికి 50 చుట్టుపక్కల చాలు.

పిడి బిగించకముందు ఉత్త అలుగు ఫొటో తప్పనిసరి. పిడిలోకి వెళ్లే తోకకి వెల్డింగ్ ఉండకూడదు, అలుగు తోకగా మారే చోట మూల గుండ్రంగా ఉండాలి, పదునైన మూల ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. నాలుగు మంచి మాటలు చెప్పి ఫొటో పంపకపోతే అడ్వాన్స్ ఇవ్వద్దు.

డమాస్కస్, అంటే పొరలు పొరలుగా అతికి గీతలు తేల్చిన ఉక్కు మాత్రం వద్దు. ఆ గీతలు అందంగానే ఉంటాయి, కానీ పొరల మధ్య అతుకు సరిగా పడకపోతే మీకు తెలిసే దారి లేదు. 65Г స్ప్రింగ్ ఉక్కు తీసుకోండి, స్టెయిన్‌లెస్ ఇంత పొడవుకి అసలు వద్దు.

పిడికి కొమ్ము, ఒరకి చెక్క మీద తోలు, అంతే.

రష్యాలో అసలైన కత్తి చేయడానికి లైసెన్స్ కావాలి, కమ్మరికి ఉందో లేదో ముందే అడగండి. ఇండియాలో 9 అంగుళాలు దాటిన ఇలాంటి కత్తులు ఆయుధాల చట్టం కిందకి వస్తాయి, కాబట్టి రష్యాలో మెడిసిన్ చదివే మనవాళ్లు వచ్చేటప్పుడు లగేజీలో పెట్టేసుకుందాం అనుకోవద్దు, దిగుమతి పర్మిషన్ సంగతి ఆర్డర్‌కి ముందే చూసుకోండి.