ముందు రక్తం ఆపండి: సైన్యం నర్సింగ్ అసిస్టెంట్ల పద్ధతి మన రోడ్ల మీద

హైదరాబాద్‌లో యాక్సిడెంట్ జరిగితే క్షణాల్లో జనం మూగుతారు, ఒకరు నీళ్ల బాటిల్ తెస్తారు, ఇంకొకరు ఆటో ఆపుతారు, కానీ తొడ నుంచి ధారగా కారే రక్తం మీద చెయ్యి పెట్టి నొక్కేవాళ్లు తక్కువ. తొడలోని పెద్ద ధమని తెగితే మనిషి ఐదు నిమిషాల్లోపే పోవచ్చు. అంబులెన్స్ ఎంత తొందరగా వచ్చినా అంతలోపు రావడం కష్టం, కాబట్టి ఆ పని అక్కడున్న మనమే చెయ్యాలి.

యుద్ధభూమిలో దీనికి ఒక వరుస ఉంది: ముందు పెద్ద రక్తస్రావం, తర్వాత శ్వాసమార్గం, తర్వాత ఛాతీ, ఊపిరి, ఆ తర్వాత రక్తప్రసరణ, చివరగా ఒంటి వేడి, తలదెబ్బ. కాల్పులు జరుగుతున్నంతసేపు వైద్య సహాయకుడు (మన సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్) చేసే వైద్యం దాదాపు ఒకటే, చేతికో కాలికో యూనిఫాం మీదే, వీలైనంత పైన టోర్నికెట్, అంటే రక్తం ఆగేలా బిగించే పట్టీ, బిగించి చాటుకు లాగడం. బట్టలు కత్తిరించి గాయాలన్నీ వెతకడం చాటుకు వెళ్లాకే. అక్కడి నుంచి మన సైన్యంలో అయితే రెజిమెంటల్ ఎయిడ్ పోస్ట్‌కు, అంటే పటాలం డాక్టర్ ఉండే ప్రథమ చికిత్స కేంద్రానికి, చేరుస్తారు. అక్కడ పెద్ద ఆపరేషన్లు ఉండవు. డాక్టర్ కట్లు మళ్లీ చూసి, నొప్పికి మందిచ్చి, ఎవరిని ముందుగా వెనకున్న ఆసుపత్రికి పంపాలో తేలుస్తారు. రక్తం గడ్డ నిలబడటానికి ట్రానెక్సమిక్ యాసిడ్ అనే మందు ఇవ్వాలంటే గాయమైన 3 గంటల లోపే ఇవ్వాలి, అందుకే ఏ గాయం ఎన్నింటికి అయిందో రాసుకోవడం వాళ్లకు అంత ముఖ్యం.

ఇక మన చేతిలో ఉన్నది. గ్లవ్స్ లేకపోతే పాలిథిన్ కవర్ తొడుక్కుని, శుభ్రమైన బట్ట గాయంలోకే పెట్టి, రెండు చేతులతో మీ బరువంతా వేసి నొక్కండి. ఆగిందా లేదా అని మాటిమాటికీ ఎత్తి చూడకండి, అప్పుడే కడుతున్న గడ్డ ఊడిపోతుంది. తడిసిపోతే పైన ఇంకో బట్ట వేసి మరింత గట్టిగా నొక్కండి. గజ్జల్లో, చంకలో టోర్నికెట్ పనిచెయ్యదు, అక్కడ గాయం లోతుగా ఉంటే బట్టను లోపలికి కుక్కి నొక్కడమే దారి.

చేతికో కాలికో నొక్కినా ఆగకపోతే టోర్నికెట్. గాయానికి రెండు మూడు అంగుళాలు పైన, మోకాలు, మోచేయి మీద కాకుండా వెయ్యాలి. అసలైనది లేకపోతే చున్నీని రెండంగుళాల వెడల్పు పట్టీగా మడిచి కట్టి, ముడిలో గట్టి కర్ర పెట్టి రక్తం ఆగేదాకా తిప్పి, కర్ర వెనక్కి తిరగకుండా కట్టెయ్యండి. కర్ర బదులు పెన్ను పెడితే విరిగిపోతుంది. సన్నటి తాడు, వైరు వద్దు, కండ కోసుకుపోతుంది. సరిగ్గా బిగిస్తే విపరీతంగా నొప్పి పుడుతుంది, అతను అరిచినా వదులు చెయ్యకండి, అరకొరగా కట్టిన కట్టు రక్తస్రావాన్ని ఇంకా పెంచుతుంది. కట్టిన టైమ్ మార్కర్‌తో ఒంటి మీదే రాయండి. సాధారణంగా రెండు గంటల వరకు ఆ అవయవానికి పెద్ద ముప్పు ఉండదు, విప్పడం డాక్టర్ల పని.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. తూటా తగిలినవాడిని సైనికులు లాక్కెళ్లిపోతారు గానీ, బైక్ మీద నుంచి పడ్డవాళ్లకు మెడ ఎముక దెబ్బతిని ఉండొచ్చు, కాబట్టి మంటలో వాహనాలో ముంచుకొస్తే తప్ప కదపొద్దు. స్పృహ లేకుండా ఊపిరి తీసుకుంటూ వాంతి అవుతుంటే, తలా మెడా ఒకే వరుసలో పట్టుకుని పక్కకు తిప్పండి. నీళ్లు తాగించకండి, ఆపరేషన్ పడొచ్చు. దుప్పటి కప్పండి, మే నెల ఎండలోనైనా సరే, రక్తం పోయిన ఒళ్లు చల్లబడుతుంది, చల్లబడితే రక్తం సరిగ్గా గడ్డకట్టదు.

పక్కవాళ్లలో ఒకరిని వేలు పెట్టి చూపించి 108కి ఫోన్ చెయ్యమనండి, ఔటర్ రింగ్ రోడ్డు మీదైతే దగ్గర్లోని ఎగ్జిట్ చెప్పమనండి. పోలీస్ కేసు టెన్షన్ వద్దు, 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. బండి డిక్కీలో ఒక టోర్నికెట్, గాయంలో పెట్టే గాజ్ గుడ్డ రోల్స్ రెండు, ఒక క్రేప్ బ్యాండేజ్, గ్లవ్స్, మార్కర్ పెట్టుకోండి, టోర్నికెట్ బిగించడం ఇంట్లో ఒకసారి మీ కాలి మీదే ప్రాక్టీస్ చేసి వెంటనే విప్పెయ్యండి.