200 ప్లాన్ తీసుకుంటే డౌన్‌లోడ్ 23 దగ్గరే ఎందుకు ఆగుతుంది, ఎలా చెక్ చేసుకోవాలి

కొత్తగా ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించుకున్నవాళ్ళు మొదటి వారంలోనే అడిగేది ఇదే, "200 ప్లాన్ అన్నారు, సినిమా డౌన్‌లోడ్ పెడితే 23 చూపిస్తోంది, మోసం చేశారా?" అని. కంగారు పడకండి, ఆ 23 వస్తోందంటే మీకు దాదాపు మొత్తం స్పీడ్ వస్తున్నట్టే.

కంపెనీవాళ్ళు ప్లాన్ అమ్మేది సెకనుకి ఇన్ని మెగాబిట్లని, క్రోమ్ లాంటి బ్రౌజర్లు డౌన్‌లోడ్ చూపించేది సెకనుకి ఇన్ని మెగాబైట్లని, ఒక బైట్‌కి 8 బిట్లు. ఇంగ్లీషులో చిన్న బి రాస్తే బిట్, పెద్ద బి రాస్తే బైట్, తేడా అంతా ఆ ఒక్క అక్షరంలోనే ఉంది. ప్లాన్ నంబర్‌ని 8తో భాగించండి: 40కి 5, 100కి 12.5, 200కి 25. అందులో ఇంకో 5, 6 శాతం తీసేయాలి, ఎందుకంటే ఫైల్ ముక్కలు ముక్కలుగా వస్తుంది, ప్రతి ముక్క మీదా ఎక్కణ్ణించి ఎక్కడికి వెళ్ళాలో రాసి ఉంటుంది, ఆ రాతకి కూడా మన లైన్‌లోనే చోటు కావాలి. అందుకే 100 ప్లాన్ మీద 50 జీబీ గేమ్ దిగాలంటే గంటా పావు దాకా పడుతుంది, అది మామూలే.

ఈ లెక్క ప్రకారం కూడా రావట్లేదంటే అప్పుడు చెక్ చేయాలి. ఫోన్‌లో వైఫై మీద స్పీడ్ టెస్ట్ పెట్టి దాన్నే నమ్మేయకండి. లాప్‌టాప్‌ని రౌటర్‌కి లాన్ కేబుల్‌తో కలపండి, ఇంట్లో మిగతా ఫోన్లు, టీవీ కాసేపు ఆపేయండి, అప్పుడు టెస్ట్ పెట్టండి. టెస్ట్ సర్వర్ మీ కంపెనీదే అయితే నంబర్ చాలాసార్లు బాగానే వస్తుంది, కాబట్టి సర్వర్ మార్చి ఒకసారి, నెట్‌ఫ్లిక్స్ వాళ్ళ ఫాస్ట్ డాట్ కామ్‌లో ఒకసారి చూడండి.

వైర్ పెట్టినా 94 దగ్గరే ఆగిపోతోందా? అయితే ఇది మీకోసమే. ఖమ్మంలో మా అక్కావాళ్ళింట్లో 200 ప్లాన్‌కి రెండు నెలలు సరిగ్గా 94, 94 అనే వచ్చింది, ఆపరేటర్ని అడిగితే "మీ ఏరియాలో అంతేనమ్మా" అన్నాడట. నేను వెళ్ళినప్పుడు కేబుల్ చివర ఉండే ప్లాస్టిక్ క్లిప్పుని వెలుతురుకి పెట్టి చూశా, ఎనిమిది తీగలుండాల్సిన చోట నాలుగే ఉన్నాయి, మిగతా నాలుగూ లోపలే కత్తిరించేశారు. 100కి నాలుగు తీగలు చాలు, అది దాటాలంటే ఎనిమిదీ కావాలి. షాపులో ఎనిమిది తీగలూ ఉండే క్యాట్ 5ఈ రకం కేబుల్ కొనుక్కొచ్చి మార్చగానే 190 దాటింది. విండోస్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌కి వెళ్ళి ఈథర్నెట్ మీద నొక్కితే లింక్ స్పీడ్ అని ఉంటుంది, అక్కడ 1000 కాకుండా 100 అని కనిపిస్తే తప్పు కేబుల్‌ది గానీ, రౌటర్ పోర్ట్‌ది గానీ, మీ లాప్‌టాప్‌ది గానీ అన్నమాట, బయట లైన్‌ది కాదు.

వైర్ మీద బాగుండి వైఫైలోనే పడిపోతోందంటే, చాలా రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లలో వైఫై ఇస్తాయి, మీరు 2.4లో ఉన్నారేమో చూసి 5కి మారండి. అపార్ట్‌మెంట్లలో పక్క ఫ్లాట్ల రౌటర్లన్నీ 2.4 మీదే కొట్టుకుంటుంటాయి. కాకపోతే 5 గోడలు ఎక్కువ దాటలేదు, రౌటర్ని హాల్లోకి తెచ్చుకోవాలి.

ఇక అసలు లైనే స్లో అయితే ముందు మీ కంపెనీ యాప్‌లో డేటా ఎంత వాడారో చూడండి, అన్‌లిమిటెడ్ అన్న ప్లాన్లలో చాలావాటికి నెలకి 3300 జీబీ లిమిట్ ఉంటుంది, అది దాటితే స్పీడ్ తగ్గించేస్తారు. రాత్రి 8 నుంచి 11 దాకా మాత్రమే పడిపోతోందంటే మీ వీధివాళ్ళంతా ఒకే లైన్ పంచుకుంటున్నట్టు. యాడ్‌లో "అప్ టు 200" అని రాసేది ఇందుకే, అంతకు మించదని చెప్పారు గానీ కనీసం ఇంత ఇస్తామని చెప్పలేదు. 2023 జనవరిలో కేంద్రం 512 కేబీపీఎస్ (సెకనుకి 512 కిలోబిట్లు) నుంచి పెంచాక కూడా బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీసం 2 ఎంబీపీఎస్ (సెకనుకి 2 మెగాబిట్లు) ఉంటే చాలు. 200కి డబ్బు కట్టేవాళ్ళకి ఇది అన్యాయమని నా అభిప్రాయం.

కాబట్టి మూడు రోజులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వైర్ మీదే టెస్ట్ పెట్టి టైమ్ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ తప్పకుండా రాసుకోండి. అక్కడ తేలకపోతే అదే కంపెనీలో అప్పీళ్ళు వినే అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, ఆ నంబర్‌తో 30 రోజుల్లోపు అప్పీల్ పెట్టండి, దానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు.