టెక్సాస్‌లో పిస్టల్ వెంట ఉంచుకోవడం: పైకి కనపడేలానా, చొక్కా చాటునా?

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు నిండి, తుపాకీ కలిగి ఉండడానికి చట్టరీత్యా అనర్హులు కానివారు లైసెన్సు లేకుండానే పిస్టల్‌ను వెంట ఉంచుకోవచ్చు. నడుముకు హోల్‌స్టర్‌లో (పిస్టల్ పెట్టుకునే ఒరలో) పైకి కనపడేలా పెట్టుకుంటే ఓపెన్ క్యారీ అనీ, చొక్కా చాటున ఎవరికీ కనపడకుండా పెట్టుకుంటే కన్సీల్డ్ క్యారీ అనీ అంటారు. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల గ్యాస్ స్టేషన్లు, మోటళ్లు, చిన్న దుకాణాలు నడుపుతున్న తెలుగువారికి, ముఖ్యంగా రాత్రి పదకొండింటికి లెక్క చూసుకొని, తలుపుకు తాళం వేసి, ఆ రోజు నగదుతో కారు దాకా ఒంటరిగా నడవవలసినవారికి, ఈ రెండింటిలో ఏది మేలన్న ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది.

ఆ ప్రశ్న కంటే ముందు తేల్చుకోవలసినది మీ వీసా సంగతి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీనే కాదు, ఒక్క తూటాను కూడా కలిగి ఉండరాదని ఫెడరల్ చట్టం చెబుతోంది. టెక్సాస్ ప్రభుత్వం లైసెన్సు అక్కరలేదన్నంత మాత్రాన ఈ నిషేధం తొలగిపోదు. గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నది కాని, దానిని నమ్ముకొని ఆత్మరక్షణ కోసం పిస్టల్ కొనదలచినవారు ముందుగా ఇమిగ్రేషన్ వ్యవహారాలు తెలిసిన న్యాయవాదిని అడగాలి. ఉల్లంఘనకు 15 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు, ఆపైన దేశం నుంచి పంపివేయడానికి కూడా అది కారణం కావచ్చు. యజమాని గ్రీన్ కార్డుదారుడే అయినా, హెచ్-1బి మీద ఉన్న ఆయన బావమరిది శని, ఆదివారాల్లో వచ్చి కౌంటరులో కూర్చుంటే (అలా కూర్చోవడమే వీసాకు చిక్కు తెచ్చే పని, అది వేరే సంగతి), సొరుగులోని పిస్టల్ ఆ బావమరిది చేతికి అందేలా ఉండడమే ముప్పు. గ్రీన్ కార్డు గాని, పౌరసత్వం గాని ఉన్నవారే ఇక ముందుకు చదవాలి.

టెక్సాస్‌లో 1995 నాటి చట్టం లైసెన్సు ఉన్నవారికి పిస్టల్‌ను చాటుగా ఉంచుకునే వీలు మాత్రమే ఇచ్చింది. పైకి కనపడేలా పెట్టుకునే అనుమతి 2016 జనవరి 1న వచ్చింది. దానిని సమర్థించేవారు రెండు కారణాలు చెబుతారు: దొంగ చూసి వెనక్కి తగ్గుతాడనీ, అవసరమైనప్పుడు చొక్కా ఎత్తే పని లేకుండా క్షణంలో చేతికి వస్తుందనీ. రెండవది నిజమే. మొదటిది మాత్రం దొంగ స్వభావం మీద ఆధారపడిన మాట. మీ దగ్గర పిస్టల్ ఉందని అతనికి తెలిసినా, అతని దగ్గర ఏముందో మీకు తెలియదు. చూసి వెళ్లిపోయేవాడు ఉంటాడు, చూసి మొదట మిమ్మల్నే గురిపెట్టేవాడూ ఉంటాడు. పైగా రెండు చేతులా పాల గ్యాలన్లు పట్టుకొని కూలరులో సర్దుతున్నప్పుడు మీ కుడి నడుము వెనక నిలబడిన కొనుగోలుదారుకు ఎంత దగ్గరగా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. అందుచేత ఓపెన్ క్యారీ ఎంచుకునేవారు కేవలం బిగుతుగా పట్టి ఉంచే హోల్‌స్టర్‌తో సరిపెట్టుకోకూడదు. బొటనవేలితో నొక్కితే తప్ప పిస్టల్ బయటికి రాని లాకు ఉన్నదానిని కొని, ఆ లాకు తీయడం చూడకుండా చేయగలిగేంత వరకు సాధన చేయాలి. నా అభిప్రాయంలో, సొంత దుకాణంలో, వీపు గోడవైపు ఉండే కౌంటరు వెనక తప్ప, మామూలు మనిషికి ఓపెన్ క్యారీ వల్ల కలిగే లాభం కంటే తలనొప్పే ఎక్కువ.

కన్సీల్డ్ క్యారీలో చట్టం కంటే బట్టల సమస్య పెద్దది. మామూలు తోలు బెల్టు పిస్టల్ బరువుకు వంగి, ప్యాంటును ఒక పక్కకు లాగుతుంది. కనుక మొదట కొనవలసినది గట్టి బెల్టు. హోల్‌స్టర్ ప్యాంటు లోపలివైపు అమరేదై, ట్రిగ్గరు భాగాన్ని పూర్తిగా కప్పే గట్టి ప్లాస్టిక్‌తో చేసినదై ఉండాలి. హోల్‌స్టర్ లేకుండా పిస్టల్‌ను నడుములో దోపుకోవడం, తాళాలతో పాటు హ్యాండ్‌బ్యాగులో వేసుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకునే పనులు. చొక్కా ఒక సైజు పెద్దదిగా, ముదురు రంగుదిగా, వీలైతే గళ్లదిగా ఉంటే పిడి ఆకారం బయటికి తెలియదు. అద్దం ముందు నిటారుగా నిలబడి చూసుకొని సంతృప్తి పడకండి. పై అరలోని సిగరెట్ పెట్టె కోసం చేయి చాచండి, కింది అరలోని నీళ్ల కేసు కోసం వంగండి, కారు ఎక్కి దిగండి. చొక్కా పైకి లేచేదీ, పిడి పొడుచుకువచ్చేదీ అప్పుడే. తూటాలను వేరే గదిలో పెట్టి, ఖాళీ పిస్టల్‌ను రెండుసార్లు పరీక్షించుకొని, ఎడమ చేత్తో చొక్కా ఎత్తడం, కుడి చేత్తో తీయడం నిదానంగా సాధన చేయండి. తిరిగి హోల్‌స్టర్‌లో పెట్టేటప్పుడు తొందర అసలే పనికిరాదు. చొక్కా అంచు ట్రిగ్గరులో చిక్కుకొని పేలిన తూటా మీ తొడలోనే దిగుతుంది.

గుడికి వెళ్లే రోజున పిస్టల్‌ను ఇంట్లో సేఫ్‌లోనే ఉంచాలి. 2019 సెప్టెంబరు నుంచి టెక్సాస్ చట్టం ప్రార్థనాస్థలాలను కూడా ఇతర ప్రైవేటు స్థలాల్లాగే చూస్తున్నది కనుక, నిషేధపు బోర్డు లేకపోతే తీసుకువెళ్లడం నేరం కాదు. కాని పంచె మీద హోల్‌స్టర్ నిలవదు, సాష్టాంగపడినప్పుడు చొక్కా నిలవదు. పార్కింగులోని కారులో వదిలి వెళ్లడం అంతకంటే పొరపాటు, కారు అద్దం పగలగొట్టేవాడికి కావలసినది అదే.

బోర్డుల విషయంలో రెండు పద్ధతులకూ తేడా ఉన్నది. లైసెన్సు ఉన్నవారు చాటుగా తీసుకురాకూడదంటే 30.06 బోర్డు, కనపడేలా తీసుకురాకూడదంటే 30.07 బోర్డు, లైసెన్సు లేనివారికైతే 30.05 బోర్డు తలుపు దగ్గర ఉంటుంది (ఈ అంకెలు టెక్సాస్ శిక్షాస్మృతిలోని సెక్షన్లవి). 2019 ఆగస్టులో ఎల్ పాసో వాల్‌మార్ట్‌లో 23 మందిని బలిగొన్న కాల్పుల తర్వాత, ఆ సంస్థ తన దుకాణాల్లోకి తుపాకీని కనపడేలా తీసుకురావద్దని కొనుగోలుదారులను కోరింది, లైసెన్సుతో చాటుగా తెచ్చేవారి జోలికి మాత్రం పోలేదు. ఆదాయంలో 51 శాతం లేదా అంతకంటే ఎక్కువ మద్యం అమ్మకం నుంచే వస్తుందని సూచిస్తూ ఎరుపు రంగులో 51 శాతం అని రాసి ఉన్న బార్లలోకి, బడుల్లోకి, న్యాయస్థానాల్లోకి, పోలింగ్ కేంద్రాల్లోకి ఏ పద్ధతిలోనూ వెళ్లరాదు.

అక్కరలేకపోయినా లైసెన్సు తీసుకోమనే నేను చెబుతాను. నాలుగు నుంచి ఆరు గంటల తరగతి, రాతపరీక్ష, 50 తూటాల గురి పరీక్ష, 40 డాలర్ల రుసుము, అంతే. బడికి 1000 అడుగుల లోపు తుపాకీ ఉండరాదన్న ఫెడరల్ నిబంధన నుంచి మినహాయింపు ఆ బడి ఉన్న రాష్ట్రపు లైసెన్సు ఉన్నవారికి వర్తిస్తుంది. ఊళ్లో కారు నడుపుతూ ఏ బడినీ దాటకుండా పోవడం సాధ్యమా? పోలీసులు ఆపి గుర్తింపు అడిగినప్పుడు డ్రైవింగ్ లైసెన్సుతో పాటు దీనినీ చూపాలి. అంతవరకు రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి, పిస్టల్ ఎక్కడ ఉందో నోటితో చెప్పాలి, చేత్తో చూపించకూడదు.

పార్కింగు చోటు కోసం మాటామాటా పెరిగినప్పుడు చొక్కా అంచు ఎత్తి చూపడం నేరం కావచ్చు, ఎందుకంటే ఎదుటివారిని బెదరగొట్టే విధంగా ఆయుధాన్ని ప్రదర్శించడాన్ని టెక్సాస్ చట్టం శిక్షార్హం చేసింది. ఎదుటివాడు ఎంత బూతు తిట్టినా, కేవలం మాటలు బలప్రయోగానికి కారణం కాజాలవు. తాగి ఉన్నప్పుడు బయట పిస్టల్ వెంట ఉండరాదు. ఇంట్లో 17 ఏళ్ల లోపు పిల్లలకు అందేలా వదిలేస్తే కేసు తల్లిదండ్రుల మీద పడుతుంది.

టెక్సాస్ లైసెన్సు కాలిఫోర్నియాలో, న్యూయార్క్‌లో, న్యూజెర్సీలో చెల్లదు. ఇండియాకు ప్రయాణమైతే జాగ్రత్త రెట్టింపు కావాలి. షూటింగ్ రేంజికి వాడిన సంచీని విమానానికి వాడకండి. అడుగు కుట్టులో ఇరుక్కున్న ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కు చిక్కినా 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు కావచ్చు. వేరే సంచీ లేకపోతే, ఉన్నదానిని తిరగేసి, ప్రతి జేబునూ వేళ్లతో తడిమి చూసిన తర్వాతే బట్టలు సర్దుకోండి.