మలేరియా తగ్గాక మళ్ళీ ఎందుకొస్తుంది?

సమస్య: చలిజ్వరం తగ్గింది. రెండు నెలలయ్యాక మళ్ళీ అదే జ్వరం, రెండు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు.

కారణం: వైవాక్స్ రకం మలేరియా అయ్యుండొచ్చు. ఈ పరాన్నజీవుల్లో కొన్ని కాలేయ కణాల్లో చడీచప్పుడు లేకుండా పడి ఉంటాయి. రోగనిరోధక వ్యవస్థ వాటిని పసిగట్టలేదు. మలేరియాకు ఇచ్చే క్లోరోక్విన్ మందు రక్తంలో ఉన్నవాటినే చంపుతుంది, కాలేయంలో దాక్కున్నవాటిని ఏమీ చెయ్యలేదు.

పరిష్కారం: కాలేయంలో ఉన్నవాటికి ప్రైమాక్విన్ అనే మందు ఇస్తారు, మామూలుగా 14 రోజులు. మా తమ్ముడు జ్వరం తగ్గిందని ఐదో రోజే మానేశాడు. రెండోసారి జ్వరం వచ్చినప్పుడు మిగిలిన మాత్రలు గూట్లో అలాగే ఉన్నాయి. దయచేసి అలా చెయ్యకండి. కానీ డాక్టర్ చెప్పకుండా ఈ మందు వేసుకోవద్దు. జి6పిడి (ఎర్రకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవాళ్ళకు దీనివల్ల ఎర్రకణాలు పగిలిపోతాయి, గర్భిణులకు ఇవ్వరు. మూత్రం నల్లగా వస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

సమస్య: ఇన్నిసార్లు వచ్చినా ఒంటికి తట్టుకునే శక్తి రాదేం?

కారణం: రక్తంలో ఈ పరాన్నజీవి దాక్కునేది ఎర్రకణంలో. ఆ కణంలో కేంద్రకం ఉండదు. లోపల శత్రువు ఉన్నా "నన్ను పట్టేశారు" అని టి కణాలకు (రోగం పట్టిన కణాలను చంపే తెల్లకణాలకు) చూపించే గుర్తు దాని ఒంటిమీద ఉండదు. మలేరియాలో ఇంకో రకమైన ఫాల్సిపారమ్ ఇంకా గడుసుది. అది ఎర్రకణం పైన ఒక ప్రోటీన్‌ను తొడుగుతుంది. మన యాంటీబాడీలు దాన్ని గుర్తుపట్టేసరికి వేరే ప్రోటీన్‌కు మారిపోతుంది. ఇలాంటి వేషాలకు దాని దగ్గర దాదాపు 60 జన్యువులున్నాయి. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. పిల్లలకు వెయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలి మలేరియా టీకాను సిఫారసు చేసింది మాత్రం 2021 అక్టోబరులో. అంత ఆలస్యానికి ఈ వేషాలూ ఒక పెద్ద కారణం. మలేరియా ఎక్కువగా ఉండే చోట ఏళ్ళ తరబడి బతికిన పెద్దలకు కొంత రక్షణ వస్తుంది. చిన్నపిల్లలకు, ఆ ప్రాంతానికి కొత్తగా వెళ్ళినవాళ్ళకు అది ఉండదు.

పరిష్కారం: "నాకిది అలవాటే" అనుకోకుండా జ్వరం వచ్చిన ప్రతిసారీ రక్తపరీక్ష చేయించుకోండి. రాత్రిళ్ళు దోమతెర కట్టుకోండి.

సమస్య: పరీక్షలో నెగటివ్ వచ్చింది, జ్వరం మాత్రం తగ్గలేదు.

కారణం: ఫాల్సిపారమ్ పట్టిన ఎర్రకణాలు చెడిన కణాలను వడగట్టే ప్లీహానికి చిక్కకుండా సన్నటి రక్తనాళాల గోడలకు అతుక్కుంటాయి. అప్పుడు వేలిమీద గుచ్చి తీసిన చుక్కలో అవి తక్కువగా దొరకొచ్చు. మెదడులోని నాళాల్లో అతుక్కుంటే ప్రాణానికే ప్రమాదం.

పరిష్కారం: 12 నుంచి 24 గంటల్లో మళ్ళీ పరీక్ష చేయించండి. ఫిట్స్ వచ్చినా, మనిషి మత్తుగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా పరీక్ష కోసం ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.