కాడ్మియం ఉన్న మట్టిలో బంతి, దానికి జిబ్బరెల్లిక్ ఆమ్లం

గాజువాక వైపు మా నర్సరీకి వచ్చేవాళ్లు నన్ను తరచూ అడిగే మాట: లోహపు పూతలు వేసే ప్లేటింగ్ షెడ్డు నడిచి, కాడ్మియం అనే విష లోహం చేరిన జాగాలో బంతిలాంటి పూలమొక్కలు వేస్తే మట్టి బాగవుతుందా అని. అవుతుంది, కానీ చాలా నెమ్మదిగా. జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే పెరుగుదల హార్మోను మట్టిని కడగదు. మొక్కను ఏపుగా పెంచుతుంది, అంతే. మొక్క ఎండు బరువును దానిలోని లోహం మోతాదుతో హెచ్చవేస్తే వచ్చేదే మట్టిలోంచి బయటికొచ్చిన లోహం.

ముందు పరీక్ష చేయించండి. భూసార కార్డులో జింకు, రాగి కనిపిస్తాయి గానీ కాడ్మియం, సీసం ఉండవు. వాటిని విడిగా అడగాలి, పీహెచ్ కూడా రాయించుకోవాలి. మట్టి కాస్త పులుపుగా ఉంటేనే కాడ్మియం వేళ్లకు బాగా అందుతుంది, కాబట్టి సున్నం చల్లకండి. సీసమే ఎక్కువని తేలితే బంతి మీద ఆశ పెట్టుకోవద్దు. సీసం వేళ్ల దగ్గరే ఆగిపోతుంది. అలాంటి చోట దుమ్ము లేవకుండా గడ్డి దట్టంగా పెంచి, పిల్లల్ని దూరంగా ఉంచడమే మేలు.

జిబ్బరెల్లిక్ ఆమ్లం కొనేటప్పుడు డబ్బా మీది శాతం చదవండి. కొట్లలో తేలిగ్గా దొరికే 0.001 శాతం ద్రావణంలో లీటరుకు 10 మిల్లీగ్రాములే ఉంటుంది. మనకు కావలసింది 50 నుంచి 100. ద్రాక్షతోటలవాళ్లు వాడే 40 శాతం గుళికలైతే 16 లీటర్ల స్ప్రేయరుకు 2 గ్రాములు వేస్తే 50 వస్తుంది, 4 గ్రాములు వేస్తే 100. బంగారం తూచే చిన్న కాటా కావాలి, చెంచా లెక్క పనికిరాదు. 90 శాతం పొడి నీళ్లలో సరిగా కరగదు, ముందు కొద్దిగా స్పిరిట్లో కరిగించి నీళ్లలో పోయాలి.

నారు నాటి నెల తిరిగాక, ఎండ తగ్గాక, ఆకులు తడిసేలా కొట్టండి. రెండు వారాలకు మరోసారి. మొదట 50తోనే మొదలుపెట్టండి. ఎక్కువైతే కాడ సాగి, మన సముద్రపు గాలికి వాలిపోతుంది. ఒక వరుసకు మాత్రం ఏమీ కొట్టకుండా వదిలేయండి, తేడా దానితోనే తెలుస్తుంది. మట్టిలోని లోహాన్ని నీళ్లలో కరిగేలా చేసే ఈడీటీఏ అనే రసాయనం కలపమని ఎవరైనా చెబితే వినకండి. వానకు లోహం కిందికి దిగి బోరు నీళ్లలో చేరుతుంది.

ఎంత కాలం పడుతుందో మీరే లెక్కేసుకోండి. చదరపు మీటరులో 20 సెంటీమీటర్ల లోతు మట్టి సుమారు 260 కిలోలు. కిలోకు 5 మిల్లీగ్రాముల కాడ్మియం ఉందనుకుందాం, దాన్ని 3కు దించాలంటే 520 మిల్లీగ్రాములు బయటికి రావాలి. కిలో ఎండు మొక్కలో 20 మిల్లీగ్రాములు వస్తాయనుకుంటే, చదరపు మీటరుకు కిలో పంటతో 26 పంటలు. హార్మోనుతో బరువు పాతిక శాతం పెరిగి, మొక్కలో లోహం మోతాదు తగ్గకపోతే 21. ఆ అయిదు పంటల కోసమే ఈ శ్రమంతా, నాకది తక్కువేమీ కాదు.

ఈ పూలు పూర్ణా మార్కెట్టుకు వెళ్లకూడదు. మార్గశిరంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దండల్లోకి అసలే రాకూడదు. పశువులకు మేతగా వేయకండి, ఎరువు చేయకండి, కాల్చకండి. వేళ్లతో సహా పీకి, మట్టి అక్కడే దులిపి, టార్పాలిన్ మీద ఎండబెట్టి సంచుల్లో కట్టండి. పరవాడలో ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఉంది. అక్కడికి ఎలా పంపాలో మొక్కలు నాటకముందే కాలుష్య నియంత్రణ మండలిని అడిగి పెట్టుకోండి. పంట తీశాక అదే చోట, అదే లోతులో మట్టి తీసి మళ్లీ పరీక్షకు పంపండి.