పింగ్ వెళ్తోంది, ఎస్ఎస్‌హెచ్ ఆగిపోతోంది: ముందు ప్యాకెట్ సైజు చూడండి

వైట్‌ఫీల్డ్ ఆఫీసులో ల్యాప్‌టాప్, చెన్నై సిరుసేరి డేటా సెంటర్‌లో లైనక్స్ సర్వరు, రెండు గేట్‌వేల (ఒక్కో నెట్‌వర్క్ ముఖద్వారం) మధ్య వైర్‌గార్డ్ అనే వీపీఎన్ టన్నెల్. పింగ్‌కు జవాబు వస్తుంది, పోర్టు తెరిచే ఉంటుంది. అయినా ఎస్ఎస్‌హెచ్ (దూరపు సర్వరులోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) మొదట్లో జరిగే కీ మార్పిడి దగ్గరే ఆగిపోతుంది. ఒకవేళ లాగిన్ అయినా, పెద్ద లాగ్ ఫైలు తెరవగానే తెర బిగుసుకుపోతుంది.

వెంటనే ఎస్ఎస్‌హెచ్ సెట్టింగులు మార్చేవారు, సర్వరును రీబూట్ చేసేవారే ఎక్కువ. దయచేసి ఆగండి. మామూలు పింగ్ మోసేది 56 బైట్లే. అది దాటినంత మాత్రాన పెద్ద ప్యాకెట్ దాటుతుందని నమ్మకం లేదు. సర్వరు నుంచి ల్యాప్‌టాప్‌కు ‘పింగ్ -ఎం డు -ఎస్ 1472’ (ping -M do -s 1472, చివర ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్) కొట్టండి. ‘-ఎం డు’ అంటే దారిలో ముక్కలు చేయవద్దని. హెడర్ల 28 బైట్లు కలిపితే సరిగ్గా 1500. 1392 దాటుతూ, 1472కు జవాబు గానీ ఎర్రర్ గానీ రాకపోతే దొంగ దొరికినట్టే.

జరిగేది ఇదీ. రెండు చివరలా ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1500 బైట్లు, టన్నెల్‌లో 1420. పట్టని ప్యాకెట్‌ను గేట్‌వే పారేసి, ‘1420కి తగ్గించు’ అని ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలు తెలిపే, పింగ్ కూడా వాడే ప్రోటోకాల్) సందేశం (టైప్ 3, కోడ్ 4) పంపుతుంది. 1990 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1191 చెప్పిన పద్ధతే ఇది. కానీ భద్రత పేరుతో ఎవరో ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీని దాదాపు మొత్తం మూసేసి, పింగ్‌ను మాత్రం వదిలి ఉంటారు. సందేశం అందని సర్వరు అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతుంది. సర్వరులో ‘ఎస్ఎస్ -టీఐ’ (ss -ti) కమాండ్ కొడితే సెండ్-క్యూ (ఇంకా అందని డేటా) తగ్గకపోవడం, రీట్రాన్స్ (మళ్లీ పంపిన లెక్క) పెరగడం కళ్లారా చూడవచ్చు. దారిలో రౌటర్లు ముక్కలు చేయని ఐపీవీ6లో ఈ మూసివేత ఇంకా ప్రమాదం.

అసలు మందు ఆ ఐసీఎంపీ సందేశాన్ని లోపలికి రానివ్వడమే. దాంతోపాటు గేట్‌వేలో, ఐపీటేబుల్స్ (లైనక్స్ ఫైర్‌వాల్) మ్యాంగిల్ టేబుల్ ఫార్వర్డ్ చైన్‌లో టీసీపీఎంఎస్ఎస్ క్లాంప్ నియమం పెట్టండి. కనెక్షన్ మొదలయ్యేటప్పుడే టీసీపీ ప్యాకెట్ల సైజు టన్నెల్‌లో పట్టేలా ఇది తగ్గిస్తుంది. గేట్‌వే మీ చేతిలో లేకపోతే సర్వరులో టీసీపీ ఎంటీయూ ప్రోబింగ్ సెట్టింగును (net.ipv4.tcp_mtu_probing) 1 చేయండి; పెద్ద ప్యాకెట్లు అందకపోతే సర్వరే చిన్నవి పంపి చూస్తుంది. సర్వరు ఎంటీయూనే 1420కి దించితే పని జరుగుతుంది కానీ, టన్నెల్‌తో సంబంధం లేని ట్రాఫిక్ కూడా ఊరికే కుంచించుకుపోతుంది.

కేబుల్, నెట్‌వర్క్ కార్డు డ్రైవరు లోపాలు అరుదు. 1472 పింగ్‌కు జవాబు వస్తున్నా ఎస్ఎస్‌హెచ్ ఆగుతుంటేనే వాటి జోలికి వెళ్లండి.

క్లాంప్ పనిచేసేది కనెక్షన్ మొదలుపెట్టే సిన్ ప్యాకెట్ల మీదే. కాబట్టి పాత కనెక్షన్లు అలాగే ఇరుక్కుని ఉంటాయి. వాటిని చూసి నియమాన్ని తీసేయకండి, కొత్త కనెక్షన్‌తో పరీక్షించండి.